కారు హైదరాబాద్‌ది, పొగ దామరచర్లది

పాలమూరు పక్కన దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీ లేస్తోంది. నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం వీర్లపాలెంలో బొగ్గుతో కరెంటు తీసే యాదాద్రి థర్మల్ ప్లాంటు లేచింది. ఒకటి ఎలక్ట్రిక్ కారుకు గుండెకాయ తయారుచేసే చోటు. ఇంకొకటి ఆ గుండె కొట్టుకోవడానికి కరెంటు పంపే చోటు. ఈ రెండింటి నడుమ నందికొండ ఉంది. మన వాడలున్నాయి. కారు మాత్రం మన దగ్గర లేదు.

ఈ కార్ల మీద ఊళ్లలో రెండు రకాల మాటలు తిరుగుతున్నాయి. సర్కారు, కంపెనీలు చెప్పేది ఒకటి: పొగ రాని బండి, భూమిని కాపాడే బండి. ఫోన్లలో చక్కర్లు కొట్టేది ఇంకొకటి: ఇదంతా మోసం, బొగ్గు కాల్చి కరెంటు తీసి నడిపే బండి పెట్రోలు బండికన్నా ఎక్కువ పాడుచేస్తది. మా కార్యకర్తలు మీటింగులకు పోయినకాడల్లా పిలగాండ్లు ఇదే అడుగుతున్నారు. నిజమా, మోసమా, ఏదో ఒకటి చెప్పుండ్రి అని. మేము కూర్చుని లెక్క వేసినం. జవాబు ఇటూ లేదు, అటూ లేదు. కానీ ఆ లెక్క తెలిసినంక అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయని తేలింది. అందుకే ఈసారి సంపాదకీయం కార్ల మీద.

కార్లు లేనోళ్లకు కార్ల లెక్క ఎందుకు అనొచ్చు. ఎండ కోసం. బొగ్గు, పెట్రోలు, డీజిల్ కాలితే బొగ్గుపులుసు వాయువు వస్తది. అది ఆకాశంలో దుప్పటిలాగా పరుచుకుని వేడిని పోనియ్యదు. ఎండకు కులం లేదంటారు. ఏసీ గదిలో ఉన్నోనికి 46 డిగ్రీలంటే టీవీలో వచ్చే అంకె. కాలువ పూడిక తీసేటోనికి, ఇటుకబట్టీ కాడ మట్టి తొక్కేటామెకు, మిరప చేన్ల వంగి కాయలు ఏరేటామెకు అది ప్రాణం మీదికొచ్చే ముచ్చట. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ సర్కారు వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినోళ్ల కుటుంబాలకు 4 లక్షలు ఇస్తామంది. ఆ దరఖాస్తులు ఏ వాడ నుంచి ఎక్కువ పోతాయో ఊర్లో ఎవరినడిగినా చెప్తారు. మన దేశంలో సగటు మనిషి ఏడాదికి రెండు టన్నుల చిల్లర బొగ్గుపులుసు వాయువుకు కారణమైతే, అమెరికా మనిషి 14 టన్నుల దాకా కారణం. ఆ రెండు టన్నులు కూడా నాలుగు కార్లున్న దొరను, కాళ్లకు చెప్పుల్లేని కూలీని కలిపి కొట్టిన సగటు. చేసింది వాళ్లు, ఎండలో ఎండేది మనం. కాబట్టి తగ్గిస్తామని ఎవడన్నా అంటే, ఎంత తగ్గిస్తవు, ఎక్కడ తగ్గిస్తవు అని అడిగే హక్కు అందరికన్నా ముందు మనకే ఉంది.

ఇక లెక్క. బండిని రోడ్డు మీద చూసి లెక్క కట్టొద్దు. పుట్టిన కాన్నుంచి చచ్చేదాకా కట్టాలి. గనిలో మట్టి తవ్విన నాటి నుంచి, ఫ్యాక్టరీలో బ్యాటరీ అయిన నాటి నుంచి, నడిచినన్నాళ్లు తాగిన కరెంటు, చివరికి తుక్కు అయ్యేదాకా.

పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తదనుకుందాం. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల వాయువు వస్తది. ముడిచమురు తోడటం, శుద్ధి చేయటం, బంకు దాకా తేవటం కలుపుకుంటే 2.8 కిలోల దగ్గర పడుతుంది. అంటే కిలోమీటరుకు సుమారు 185 గ్రాములు. ఎలక్ట్రిక్ చిన్న కారు యూనిట్ కరెంటుకు ఏడు కిలోమీటర్లు పోతది. లైన్లలో పోయేది, చార్జింగులో పోయేది తీసేస్తే ప్లాంటు కాడ పుట్టిన యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క ప్రకారం మన దేశంలో ఒక్క యూనిట్ కరెంటు వెనక సగటున 720 గ్రాముల వాయువు ఉంది. ఆరుతో భాగిస్తే కిలోమీటరుకు 120 గ్రాములు. అంటే నడకలో 65 గ్రాములు తక్కువ.

అయితే ఎలక్ట్రిక్ కారు పుట్టేటప్పుడే అప్పుతో పుడుతుంది. బ్యాటరీ తయారీకి విపరీతమైన కరెంటు, వేడి కావాలి. 30 యూనిట్లు పట్టే బ్యాటరీ చేయడానికి రెండు నుంచి రెండున్నర టన్నుల వాయువు పోతుందనుకోవచ్చు. కిలోమీటరుకు 65 గ్రాముల చొప్పున ఆ అప్పు తీరాలంటే కారు 35 వేల కిలోమీటర్ల పైన తిరగాలి. అప్పటిదాకా అది భూమికి చేసిన మేలు సున్నా. ఆ తర్వాతే మిగులు. 1,60,000 కిలోమీటర్లు తిరిగి చస్తే, బ్యాటరీ అప్పుతో కలిపి ఎలక్ట్రిక్ కారు వాటా 22 టన్నులు, పెట్రోలు కారుది 30 టన్నులు. నాలుగో వంతు తక్కువ.

ఇది మా ఉజ్జాయింపు లెక్క. పెద్ద సంస్థల లెక్క కూడా దీనికి దూరం లేదు. ఇంటర్నేషనల్ కౌన్సిల్ ఆన్ క్లీన్ ట్రాన్స్‌పోర్టేషన్ అనే సంస్థ 2021లో నాలుగుచోట్ల లెక్క తీసింది. మధ్యరకం ఎలక్ట్రిక్ కారు పెట్రోలు కారు కన్నా యూరప్‌లో 66 నుంచి 69 శాతం, అమెరికాలో 60 నుంచి 68 శాతం, చైనాలో 37 నుంచి 45 శాతం, భారతదేశంలో 19 నుంచి 34 శాతం తక్కువ అని చెప్పింది. 2023లో ఐఐటీ కాన్పూర్ పరిశోధకులు దీనికి ఎదురు చెప్పారు. ఇక్కడి పరిస్థితుల్లో ఎలక్ట్రిక్ కారే ఎక్కువ వాయువు వదులుతుందన్నారు. ఆ నివేదిక మీద వాదనలు జరిగాయి. ఫోన్లలో తిరిగే మాటకు మూలాలు ఇలాంటి చోట్ల ఉన్నాయి. కానీ ఎవరి లెక్క తీసుకున్నా తేడా వచ్చేది రెండు మూడు చోట్లనే. బ్యాటరీ ఎంత పెద్దది, బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, అన్నిటికన్నా ముఖ్యం ఆ కరెంటు ఏ పొయ్యి నుంచి వచ్చింది.

అదే కారును అచ్చంగా బొగ్గు కరెంటు మీద నడిపితే చూడండి. యూనిట్‌కు 950 గ్రాముల దగ్గర పడితే కిలోమీటరుకు 158. పెట్రోలుకూ దానికీ తేడా 27 గ్రాములే. బ్యాటరీ అప్పు తీరడానికే 90 వేల కిలోమీటర్లు కావాలి. ఊరి కారు, మేడ కింద దుమ్ము పట్టే రెండో కారు, ఆదివారం యాదగిరిగుట్టకు పోయే కారు అన్ని కిలోమీటర్లు ఎన్నేళ్లకు తిరుగుతది? స్కూటరు సంగతి వేరు. చిన్న బ్యాటరీ, చిన్న బండి. కిలోమీటరుకు 26 గ్రాములు, పెట్రోలు స్కూటరుకు 60. సగానికన్నా తక్కువ. బ్యాటరీ అప్పు ఏడు వేల కిలోమీటర్లకే తీరిపోతుంది. మిర్యాలగూడ, నల్లగొండ తిరిగే కుర్రోళ్లు బ్యాటరీ స్కూటరు కొంటే మేము మెచ్చుకుంటాం. బండి ఎంత పెద్దదైతే మేలు అంత చిక్కిపోతుంది. కానీ టీవీలో ప్రకటనలన్నీ ఏనుగులంత కార్లవే.

అయితే ఆ పొయ్యి ఎక్కడుంది? హైదరాబాద్‌లో లేదు. వీర్లపాలెంలో ఉంది. 2015లో శంకుస్థాపన చేశారు. 800 మెగావాట్లవి ఐదు, మొత్తం 4,000 మెగావాట్లు. వేల ఎకరాల అడవి భూమి దాని కిందికి పోయింది. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాని పర్యావరణ అనుమతిని ఆపింది. అనుమతి తీసుకునేటప్పుడు చెప్పిన బొగ్గు ఒకటి, వాడబోయే బొగ్గు ఇంకొకటి అనే ప్రశ్న అందులో ఉంది. ఆ తర్వాత మళ్లీ పరిశీలన, మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ, మళ్లీ అనుమతి. 2024 డిసెంబర్ 7న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మొదటగా సిద్ధమైన 800 మెగావాట్ల యూనిట్‌ను ప్రారంభించారు. శంకుస్థాపన చేసిన పార్టీ వేరు, స్విచ్ నొక్కిన పార్టీ వేరు. బూడిదకు పార్టీ లేదు. అలాంటి యూనిట్ ఒక్కటి పూర్తిగా నడిస్తే గంటకు 8 లక్షల యూనిట్ల కరెంటు, దాంతోపాటు 700 టన్నుల దాకా బొగ్గుపులుసు వాయువు వస్తది. మన దేశపు బొగ్గులో మూడో వంతుకు అటూ ఇటూ బూడిదే. ఆ బూడిద ఎక్కడ పోస్తారు? ఆ గాలి ఏ తండా మీదికి పోతుంది? వాన పడితే ఏ వాగులో కలుస్తుంది? పక్కనే కృష్ణ.

అంటే ఎలక్ట్రిక్ కారు పొగను మాయం చేయలేదు. కొంత తగ్గించింది, మిగిలినదాన్ని జరిపింది. బంజారాహిల్స్ సిగ్నల్ కాడ పైపులోంచి రావాల్సింది దామరచర్లలో చిమ్నీలోంచి వస్తోంది. పట్నంల గాలి బాగుపడుతుంది. దాన్ని మేము కాదనం. ఆ పట్నంలో ఫుట్‌పాత్ మీద పండుకునే పాలమూరు కూలీ కూడా ఆ గాలే పీలుస్తాడు గదా. కానీ లెక్క రాసేటప్పుడు రెండు కొసలూ రాయాలి. ఒక కొస మీద పొగ లేదని బోర్డు పెట్టి, ఇంకో కొసను పుస్తకంలోంచి చింపేస్తే అది లెక్క కాదు. ఊరి మురికి అంతా వాడవైపు పారేటట్టు మోరీ తవ్వడం ఈ దేశానికి వచ్చినంత బాగా ఎవరికీ రాదు.

ఇక్కడ ఇంకొక మాట చెప్తారు. దేశంలో కరెంటు తీసే సామర్థ్యంలో సగం బొగ్గు, చమురు కానిదే, 2025లోనే ఆ మైలురాయి దాటాం అని. నిజమే. అయితే కొట్టంలో ఎన్ని ఎడ్లున్నయి అన్నది వేరు, చేన్ల ఎన్ని ఎడ్లు దున్నినయి అన్నది వేరు. సోలారు ఎద్దు పగలే దున్నుతది. మబ్బు పడితే పండుకుంటది. పుట్టిన యూనిట్లు లెక్కపెడితే ఇప్పటికీ నాలుగింట మూడు వంతుల దగ్గర బొగ్గువే. కారున్నోడు ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పది గంటలకు వైరు పెడతాడు. అప్పుడు సూర్యుడు ఉండడు, వీర్లపాలెం ఉంటది. అదే కారును పగలు, ఆఫీసు కాడ, ఎండ కరెంటుతో చార్జి చేస్తే లెక్క మారుతుంది. చార్జింగు పగటికి మార్చే ఏర్పాటు చేయకుండా కార్లకు మాత్రం రాయితీలిస్తే, ఆ రాయితీలో సగం బొగ్గుకే పోతుంది.

నందికొండ ఈ విషయంలో మనకు తెలిసిన పాఠమే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఇక్కడ పునాది రాయి వేశాడు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. రాయి మీద రాయి పేర్చి కట్టిన కట్ట అది. ఆ రాళ్లు మోసినోళ్లలో పాలమూరు లేబరు ఎంతమందో, ఎంతమంది అక్కడే పోయారో ఏ శిలాఫలకం మీదా లేదు. సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో 815 మెగావాట్ల చిల్లర తీసే యంత్రాలున్నాయి. వాటిలో ఏడు యంత్రాలు వెనక్కి కూడా తిరుగుతాయి. అంటే కింద సత్రశాల దగ్గర కట్టిన టెయిల్‌పాండ్‌లో నిలిచిన నీళ్లను మళ్లీ పైకి ఎక్కించగలవు. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లు ఎక్కించి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీయొచ్చు. నాలుగు యూనిట్లు పెడితే మూడు తిరిగొస్తాయి. ఇది నీళ్ల బ్యాటరీ. లిథియం అక్కర్లేదు, కొత్తగా ఎవరినీ ఊరు దాటించక్కర్లేదు, ఇప్పటికే ఒకసారి దాటించి కట్టినదే. సోలారు పెరిగేకొద్దీ ఇలాంటి యంత్రాలకు విలువ పెరుగుతది. ఇంత ఉన్నా సాగర్ కట్ట ఎక్కి చూస్తే ఎగువన దేవరకొండ చెల్కలు ఎండే కనిపిస్తాయి. దీపం కింద చీకటి అంటే ఇదే.

బొగ్గు వద్దంటే ఇంకోటి తెస్తారు. అదీ మనకు కొత్త కాదు. లంబాపురం, పెద్దగట్టు గుట్టల్లో యురేనియం తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ వచ్చినప్పుడు 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణలో లంబాడీలు, దళితులు, సంఘాలు కలిసి అడ్డుపడ్డారు. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ అన్నప్పుడు అమ్రాబాద్ లేచింది. ఆ సెప్టెంబరులో అసెంబ్లీ తీర్మానం చేయక తప్పలేదు. కార్బన్ లేని కరెంటు పేరు మీద రేపు మళ్లీ ఆ గుట్టల వైపు చూడరని ఎవరు హామీ ఇస్తారు? కార్బన్ ఒక్కటే కొలతబద్ద అయితే యురేనియం శుభ్రమైనదే. చెంచుపెంట పోయిన లెక్క ఆ కొలతబద్ద మీద పడదు.

ఇప్పుడు పైసల సంగతికి వద్దాం. మాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే. 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేస్తూ జీవో 41 వచ్చింది. ఇన్ని బండ్లకే అనే పరిమితి కూడా తీసేశారు. స్కూటర్లకు, ఆటోలకు, బస్సులకు మాఫీ అంటే మంచిదే. కానీ 2022లో ఖరారైన శ్లాబుల ప్రకారమే చూసినా 15 లక్షల పెట్రోలు కారుకు 17 శాతం, అంటే రెండున్నర లక్షల జీవితకాల పన్ను. అదే ధర ఎలక్ట్రిక్ కారుకు సున్నా. కారు ధర పెరిగేకొద్దీ మాఫీ పెరుగుతుంది. 50 లక్షల కారు కొనేటోనికి సర్కారు వదిలేసేది 9 లక్షలు. మన వాడలో ఇల్లు కట్టుకోవడానికి ఇచ్చే 5 లక్షల కోసం ఎన్ని సార్లు ఎంపీడీఓ ఆఫీసు మెట్లెక్కాలో మీకు తెలుసు. కారోడు ఏ మెట్లూ ఎక్కలేదు, షోరూములోనే మాఫీ అయింది.

ఆ పన్ను వదులుకున్నందుకు భూమికి ఏమొచ్చింది? మన లెక్క ప్రకారం ఒక కారు జీవితమంతా తిరిగితే ఏడెనిమిది టన్నులు తగ్గాయి. ఇప్పుడు బస్సును పక్కన పెట్టి చూడండి. పల్లెవెలుగు డీజిల్ బస్సు లీటరుకు 5 కిలోమీటర్లు పోతే, డీజిల్ తవ్వకం, శుద్ధితో కలిపి కిలోమీటరుకు 640 గ్రాములు. అందులో 40 మంది ఉంటే తలకు 16 గ్రాములు. ఎలక్ట్రిక్ కారులో ఒక్కడు పోతే, బ్యాటరీ అప్పుతో కలిపి 135 గ్రాములు. నలుగురు పోయినా తలకు 34. అంటే పొగ కక్కుతూ, అద్దాలు గడగడలాడుతూ పోయే మన డొక్కు డీజిల్ బస్సు, సప్పుడు లేకుండా పోయే కొత్త ఎలక్ట్రిక్ కారు కన్నా భూమికి ఎనిమిదింతలు మేలు. ఈ మాట ఏ ప్రకటనలోనూ రాదు. బస్సుకు ప్రకటన ఇచ్చేటోడు లేడు.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు బస్సు ఉచితం చేశారు. మన అక్కచెల్లెళ్లు కూలికి, కాలేజికి, దవాఖానకు పోతున్నారు. మంచి పని. కానీ బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. చాలా తండాలకు, గూడేలకు బస్సే లేదు. ఉచితమైన టికెట్టు రాని బస్సులో ఏం పనికొస్తది? బస్సు రాకపోతే ఆటోలో పన్నెండు మందిమి వేలాడుతాం, లేదా పిలగాడు కిస్తీ మీద మోటరుసైకిల్ తెస్తాడు. ఆ కిస్తీ కోసం మిత్తికి తెస్తాడు. ఒక బస్సు ఆపితే ఇరవై మోటరుసైకిళ్లు పుడతాయి. ఈ పుట్టే కార్బన్ ఎవరి లెక్కలో రాస్తారు?

2025లో కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. దేవరకొండకు ఎన్ని? అచ్చంపేటకు ఎన్ని? కల్వకుర్తి, కొల్లాపూర్ తండాలకు ఎన్ని? ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు ఒక యూనిట్ దాకా తాగుతది. ఇప్పటి బొగ్గు కరెంటు మీద కార్బన్‌లో డీజిల్ బస్సుకూ దానికీ పెద్ద తేడా లేదు. పొగ రాదు, ఎండ కరెంటు పెరిగితే మేలు పెరుగుతుంది. కాబట్టి ఊళ్లకు ఎలక్ట్రిక్ బస్సే రావాలని మేము పట్టుపట్టం. బస్సు రావాలి, అంతే. ఇంకో మెలిక ఉంది. ఈ బస్సులను ఆర్టీసీ కొనడం లేదు, కిలోమీటరుకు ఇంత అని కంపెనీ దగ్గర కిరాయికి తీసుకుంటోంది. బస్సు కంపెనీది, డ్రైవరు కంపెనోడు. ఆర్టీసీ డ్రైవరు పోస్టులో రిజర్వేషన్ ఉంది, రోస్టరు ఉంది, పింఛనో పీఎఫో ఉంది. కంపెనీ డ్రైవరుకు ఏ రోస్టరూ లేదు. పర్యావరణం పేరుతో మన ఉద్యోగాలు సప్పుడు లేకుండా ఎత్తేస్తుంటే, బ్యాటరీ బస్సుకు కొబ్బరికాయ కొట్టమని మనల్నే పిలుస్తున్నారు.

దివిటిపల్లి సంగతి కూడా ఇక్కడే మాట్లాడాలి. 2022 డిసెంబరులో అమరరాజా కంపెనీ సర్కారుతో ఒప్పందం చేసుకుంది. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి అన్నారు. 2023 మేలో పునాది వేశారు. 2025 మేలో అదే ఆవరణలో ఇంకొన్ని కంపెనీలూ చేరాయి. ఒకటి బ్యాటరీలో పోసే మందు తయారుచేసేది, ఒకటి పాత బ్యాటరీలనుంచి లోహాలు తీసేది. బొంబాయికి బస్సెక్కే పాలమూరులో ఫ్యాక్టరీ వస్తే మేము వద్దనం. కానీ ప్రైవేటు ఫ్యాక్టరీలో రిజర్వేషన్ లేదు. ఇంజనీరు ఎవడు, కాపలాదారు ఎవడు, కెమికల్ డ్రమ్ములు కడిగేది ఎవరు అన్నది కులం చూసే తేలుతుంది. రాయితీ భూమి, రాయితీ కరెంటు, రాయితీ పన్ను ప్రజల సొమ్మే అయినప్పుడు ఉద్యోగంలో వాటా అడిగితే తప్పేంది? ఐటీఐ, పాలిటెక్నిక్ చదివిన మన పిల్లలను ముందుగా తీసుకుని పని నేర్పాలని, ఏ వర్గం నుంచి ఎంతమందిని పెట్టుకున్నారో ఏటా గోడ మీద రాయాలని మేము అడుగుతున్నాం.

బ్యాటరీలోకి పోయే కోబాల్ట్ కోసం ఆఫ్రికాలో కాంగో దేశపు పిల్లలు గుంతల్లోకి దిగుతున్నారు. మన గద్వాల పత్తి విత్తనాల చేలల్లో బడి మాన్పించిన ఆడపిల్లలను చూసినోళ్లకు ఆ గుంతలు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. కోబాల్ట్ అక్కర్లేని రకం బ్యాటరీలూ వచ్చాయి, అది కొంత నయం. ఇక చచ్చిన బ్యాటరీ. పదేళ్లకో పన్నెండేళ్లకో ఈ కార్ల బ్యాటరీలు చస్తాయి. 2022లో బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తెచ్చారు, తయారుచేసినోడే వెనక్కి తీసుకోవాలన్నారు. కాగితం మీద బాగుంది. కానీ ఊర్లో చచ్చిన గొడ్డును మోసింది ఎవరు? పట్నంల మోరీలో దిగుతున్నది ఎవరు? ఇప్పుడు ఇన్వర్టరు బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగిస్తున్నది ఎవరు? రేపు లిథియం బ్యాటరీని సుత్తెతో కొట్టేది కూడా ఆ చేతులే అయితే, అది అంటుకుంటే ఆరదు. ఆ పని చేతులతో చేయించొద్దని, యంత్రంతో, జీతం మీద, బీమాతో జరగాలని ఇప్పుడే గట్టిగా అడగాలి. మొదటి మనిషి కాలినంక కాదు.

కరెంటు మీద మాట్లాడటం మనకు ఎక్కువ అనేటోళ్లకు ఒకటి గుర్తుచేస్తాం. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా నీటిపారుదల, కరెంటు చూసింది బాబాసాహెబే. 1943 అక్టోబరులో కరెంటు విధానం మీద మాట్లాడుతూ ఆయన లేపిన ప్రశ్నలు రెండు: కరెంటు ఎవరి చేతిలో ఉండాలి, అది బీదోని బతుకు మార్చేటంత చౌకగా, పుష్కలంగా ఎలా వస్తుంది. కరెంటు లేకుండా పరిశ్రమ రాదు, పరిశ్రమ లేకుండా ఈ దరిద్రం పోదు అన్నది ఆయన వాదన సారం. అందుకే మేము కరెంటుకు వ్యతిరేకం కాదు, బండికి వ్యతిరేకం కాదు. 2025 మే 19న అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు. పోడు పట్టాలున్న గిరిజన రైతులు 2 లక్షల 10 వేల మందికి, 6 లక్షల ఎకరాలకు సోలారు మోటర్లు పెడతామన్నారు, 12,600 కోట్లు అన్నారు. బొగ్గు తగ్గించడమంటే మాకు ఇలా కనిపిస్తది. పంటా వస్తది, పొయ్యీ ఆరుతది. అదే మోటరు దళితుల అసైన్డ్ భూములకు ఎందుకు పెట్టరు? బోరు లేక బీడుపడ్డ అసైన్డ్ చెల్కలు మన రెండు జిల్లాల్లో ఊరూరా ఉన్నాయి.

పెద్ద కార్లకు మాఫీ 2026 డిసెంబరుతో ఆగాలి. దాన్ని పొడిగించే జీవో రాకముందే మనం మాట్లాడాలి. 15 లక్షలు దాటిన ఏ కారుకూ, అది దేనితో నడిచినా, మాఫీ వద్దు. ఆ పన్ను పల్లెవెలుగు బస్సులకు పోవాలి. వీర్లపాలెం చుట్టూ గాలిలో, నీళ్లలో ఏముందో కొలిచి తెలుగులో పంచాయతీ గోడల మీద రాయాలి. బొగ్గు ఎప్పటికైనా ఆగితే సింగరేణిలో గని దిగే మనోళ్ల బతుకుకు ముందే దారి చూపాలి. ఇవి మేము కలెక్టరాఫీసుల్లో ఇవ్వబోయే వినతిపత్రంలో రాస్తున్నాం.

దానికి మీ నుంచి ఒక పని కావాలి. ఈ సంచిక అందిన ప్రతి ఊర్లో సంఘం వాళ్లు కూర్చుని ఒక కాగితం రాయండి. మీ వాడకు రోజుకు ఎన్ని బస్సులు వస్తాయి, ఏ పొద్దుకు వస్తాయి, ఎప్పటినుంచి ఆగిపోయాయి, ఆపినప్పుడు ఏం కారణం చెప్పారు, దగ్గరి స్టేజీకి ఎన్ని కిలోమీటర్లు నడవాలి. దామరచర్ల, అడవిదేవులపల్లి వైపు వాళ్లు బూడిద సంగతి, బోరు నీళ్ల సంగతి కూడా రాయండి. దివిటిపల్లి చుట్టుపక్కల వాళ్లు ఫ్యాక్టరీలో పనికి ఎంతమంది పోతున్నారో, ఏ పనికి, ఎంత కూలికి పోతున్నారో రాయండి. వేలిముద్రలైనా సరే, అందరూ పెట్టండి. వచ్చే సంచికలోపు అందితే ఊరి పేర్లతో సహా అచ్చు వేస్తాం.